దీర్ఘాయుష్షు జన్యు పరీక్షలు మన పెద్దలకు ఏమి చెప్పగలవు?

సంపాదకులు గారికి,

నమస్కారం.

బెంగళూరులో, ముఖ్యంగా వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, సర్జాపుర రోడ్డు వైపు ఉన్న పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో, అరవై దాటినవారికి ‘దీర్ఘాయుష్షు జన్యు పరీక్ష’ పేరుతో కొంతకాలంగా ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. ఆదివారం ఉదయం క్లబ్‌హౌస్‌లో బీపీ, షుగరు ఉచితంగా చూస్తామని పిలిచి, ఆ పక్క బల్ల దగ్గరే చిన్న గొట్టంలో లాలాజలం తీసుకుని, కొన్ని వారాల తర్వాత రంగుల నివేదిక ఒకటి పంపుతున్నారు. పిల్లల ఉద్యోగాల వల్ల అనంతపురం నుంచో, చిత్తూరు నుంచో, గుంటూరు నుంచో వచ్చి, మనవళ్ళను చూసుకుంటూ ఈ ఊళ్ళో ఉండిపోయిన తెలుగు పెద్దలు ఈ పరీక్షకు సులువుగా ఒప్పుకుంటున్నారు. నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కావడం వల్ల, ఆ నివేదికలు పట్టుకుని అర్థం చెప్పమని నా దగ్గరకు వస్తున్నారు. మనిషి జన్యువులలోని తేడాలకూ, ముసలితనం దాకా బతకడానికీ ఉన్న సంబంధం గురించి శాస్త్రం ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో మీ పత్రిక ద్వారా తెలుగు పాఠకులకు వివరించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బ్లాకులో ఉండే డెబ్బై ఆరేళ్ళ ఒకావిడ తెచ్చిన నివేదికను నేను మొదటి నుంచి చివరి దాకా చదివాను. మొదటి పేజీలో అర్ధచంద్రాకారపు బొమ్మ, అందులో ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ, మధ్యలో ఒక ముల్లు ఉన్నాయి. ముల్లు ఎరుపు వైపు వాలి ఉంది. దాని కింద ‘దీర్ఘాయుష్షు అవకాశం సగటు కంటే తక్కువ’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒక్కటే ఉంది. లోపలి పేజీలో ఆవిడకు అపోఈ అనే జన్యువులో ఇ3, ఇ4 రూపాలు ఉన్నాయని, ఇ4 రూపానికీ అల్జీమర్స్ అనే మతిమరుపు వ్యాధికీ సంబంధం ఉందని రాశారు. ఎంత సంబంధం, ఏ వయసులో, ఏ దేశపు మనుషులను చూసి చెప్పిన మాట అన్నది ఎక్కడా లేదు. ఆవిడ పాలవాడి లెక్క, మందుల షాపు లెక్క కాగితం చూడకుండా చెప్పగలిగిన మనిషి. తన ఆయుష్షు గురించి ఆవిడ నన్నేమీ అడగలేదు. “టీచరమ్మా, ఇది మా అబ్బాయికి కూడా వచ్చేసినట్టేనా?” అని మాత్రం అడిగారు. నివేదికను కొడుకు కంట పడకుండా బీరువాలో చీరల మధ్య పెట్టుకున్నారట. డెబ్బై ఆరేళ్ళు ఆరోగ్యంగా గడిపిన మనిషి చేతిలో ఇలాంటి కాగితం పెట్టి వెళ్ళిపోవడం నాకు చాలా అన్యాయంగా తోచింది.

అసలు ఆయుష్షులో జన్యువుల వాటా ఎంత అన్న ప్రశ్నకు ఎక్కువగా ఉదహరించే జవాబు డెన్మార్క్ కవలల నుంచి వచ్చింది. అక్కడ 1870 నుంచి 1900 వరకు పుట్టిన 2,872 కవల జంటల జీవితకాలాలను పోల్చి 1996లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మనుషుల ఆయుష్షుల మధ్య కనిపించే తేడాలలో జన్యువుల వల్ల వచ్చేది పురుషులలో 26 శాతం, స్త్రీలలో 23 శాతం. అప్పటి నుంచి ‘నాలుగో వంతు’ అన్న మాట స్థిరపడిపోయింది. అయితే 2018లో అమెరికాలో కోట్లాది మంది వంశవృక్షాలను పరిశీలించినవారు ఈ అంకెను 10 శాతం కంటే కిందికి దించారు. వారు గమనించిన విషయం మన సమాజానికి బాగా తెలిసినదే. రక్తసంబంధం లేని బావమరుదులు, వదినామరదళ్ళ ఆయుష్షులు కూడా ఒకదానితో ఒకటి పోలి ఉన్నాయి. సంపద, చదువు, తిండి, అలవాట్లు తమతో సమానంగా ఉన్న ఇంటితోనే మనుషులు వియ్యం అందుకుంటారు కనుక, అన్ని తరాల నుంచి పోగుపడిన ఆ పోలికలను పాత లెక్కలు జన్యువుల ఖాతాలో వేశాయని వారు తేల్చారు. ఇక ఈ మధ్యనే ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు, ప్రమాదాలు, అంటురోగాలు వంటి బయటి కారణాల వల్ల జరిగిన మరణాల ప్రభావాన్ని లెక్క నుంచి తీసివేస్తే జన్యువుల వాటా సగం దాకా ఉంటుందని వాదించారు. పది శాతమా, ఇరవై అయిదా, యాభయ్యా అన్నది ఏ జనాన్ని, ఏ కాలంలో, ఏ మరణాలను లెక్కలోకి తీసుకుని చూశామన్న దాని మీద ఆధారపడి ఉందన్నమాట.

ఇక్కడ పాఠకులు ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించాలని నా మనవి. ఇరవై అయిదు శాతం అంటే ఎనభై ఏళ్ళు బతికిన మనిషి ఆయుష్షులో ఇరవై ఏళ్ళు జన్యువులు ఇచ్చినవని అర్థం కాదు. ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలలో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో అది చెబుతుంది. ఏ ఒక్క మనిషి గురించీ ఏమీ చెప్పదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు, ఇప్పుడు 70 ఏళ్ళ దగ్గర ఉంది. ఈ మూడు తరాలలో మన జన్యువులు మారలేదు. మారినవి మశూచి టీకా, మంచినీరు, కాన్పు సమయంలో వైద్యం, యాంటీబయాటిక్స్, రెండు పూటలా తిండి. ఆయుర్దాయాన్ని రెట్టింపు చేసిన ఈ మార్పులేవీ జన్యు నివేదికలో కనిపించవు.

అయినా జన్యువుల తేడాలకు అర్థం లేదని నేను అనను. వయసు పెరిగిన కొద్దీ వాటి ప్రభావం స్పష్టమవుతుందన్న దానికి మంచి ఆధారాలున్నాయి. అమెరికాలో బోస్టన్ కేంద్రంగా శతాధిక వృద్ధులను అధ్యయనం చేస్తున్న థామస్ పెర్ల్స్ బృందం 2002లో చూపించిన దాని ప్రకారం, నూరేళ్ళు బతికినవారి సోదరులకు, అదే కాలంలో పుట్టిన ఇతరులతో పోలిస్తే, నూరేళ్ళు చేరే అవకాశం దాదాపు 17 రెట్లు, సోదరీమణులకు 8 రెట్లు ఎక్కువ. ఎనభై దాకా బతకడం వేరు, నూరు దాటడం వేరు. మొదటి దానికి అలవాట్లు, వైద్యం చాలావరకు సరిపోతాయి. రెండో దానికి కుటుంబంలో ఏదో ఉండాలి. ఆ ‘ఏదో’ ఏమిటని ముప్పై ఏళ్ళుగా వెతుకుతుంటే, దేశదేశాల్లో మళ్ళీ మళ్ళీ గట్టిగా నిలిచినవి రెండే రెండు జన్యువులు.

మొదటిది పై నివేదికలో చెప్పిన అపోఈ. ఇది 19వ క్రోమోజోము మీద ఉంటుంది. రక్తంలోనూ మెదడులోనూ కొవ్వును, కొలెస్ట్రాల్‌ను మోసుకుపోయే ప్రోటీనును తయారు చేయిస్తుంది. దీనికి ఇ2, ఇ3, ఇ4 అని మూడు సాధారణ రూపాలున్నాయి. 299 అమైనో ఆమ్లాల గొలుసులో 112వ చోట, 158వ చోట ఏ అమైనో ఆమ్లం ఉందన్నదే వీటి మధ్య తేడా. మనలో ఎక్కువ మందికి ఉండేది ఇ3. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలెన్ రోజెస్ బృందం 1993లో ఇ4కూ, ముసలితనంలో వచ్చే అల్జీమర్స్‌కూ సంబంధం ఉందని చూపించింది. ఆ మరుసటి ఏడాదే ఫ్రాన్సులో నూరేళ్ళు దాటినవారిని పరీక్షించిన ఫ్రాన్స్వా షాక్టర్ బృందానికి, వారిలో ఇ4 రూపం చిన్న వయసువారిలో కంటే సగానికి తగ్గిపోయి, ఇ2 రూపం పెరిగి కనిపించింది. ఇ4 ఉన్నవారిలో కొందరు గుండెజబ్బుతోనో, మతిమరుపు వ్యాధితోనో ముందే వెళ్ళిపోవడం వల్ల అలా జరిగిందని అర్థం. అయినా ఆ శతాధికులలో ఇ4 ఉన్నవారు లేకపోలేదు. అదే అధ్యయనంలో ఇంకో వింత కూడా బయటపడింది. గుండెకు చెడు చేస్తుందని అప్పట్లో అనుకున్న ఏసీఈ అనే జన్యువు రూపం శతాధికులలోనే ఎక్కువగా ఉంది. తర్వాతి అధ్యయనాలలో ఆ రెండో ఫలితం నిలకడగా రాలేదు, మొదటిది మాత్రం నిలిచింది.

ఇ4 ఎంత చెడ్డది అన్నదానికి అందరికీ వర్తించే జవాబు లేదు. నైజీరియాలోని ఇబాడాన్‌లో ఉండే యోరుబా ప్రజలలో ఇ4కూ అల్జీమర్స్‌కూ ఉన్న సంబంధం అమెరికాలోని నల్లజాతి ప్రజలలో కనిపించినంత గట్టిగా కనిపించలేదు. మన దేశంలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలను, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ప్రాంతాన్ని పోల్చి 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఇ4 రూపం మనవారిలో 7 శాతం, వారిలో 11 శాతం ఉంది. ఇక వయసు సంగతి. అనేక అధ్యయనాల సమాచారాన్ని కలిపి 1997లో చేసిన విశ్లేషణలో, ఇ4 వల్ల వచ్చే ముప్పు డెబ్బై దాటిన తర్వాత తగ్గుతూ వచ్చిందని తేలింది. కారణం ఊహించదగినదే. ఆ రూపం వల్ల జబ్బు పడవలసినవారిలో చాలామంది అప్పటికే జబ్బు పడి ఉంటారు. డెబ్బై ఆరేళ్ళ వయసులో చురుకుగా ఉన్నవారు ఆ గండంలో పెద్ద భాగాన్ని దాటి వచ్చినవారు. ముప్పై ఏళ్ళవాడికీ, డెబ్బై ఆరేళ్ళ ఆవిడకూ ఒకే ఎర్రరంగు ముల్లు చూపించే నివేదిక ఈ తేడాను పూర్తిగా విస్మరిస్తోంది. ఆవిడ ప్రశ్నకు జవాబు కూడా చెప్పాలి. ఒక ఇ4 ఉన్న తల్లి నుంచి ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం, రాకపోయే అవకాశం సగం. వచ్చినా అది ముప్పును పెంచుతుందే కాని జబ్బును ఖాయం చేయదు. ఈ రెండు వాక్యాలు నివేదికలో అచ్చు వేయడానికి ఆ సంస్థకు ఏమి కష్టమో నాకు అర్థం కాలేదు.

రెండో జన్యువు ఫాక్సో-3. హవాయిలో స్థిరపడిన జపనీయుల సంతతి పురుషులను 1965 నుంచి గమనిస్తూ వచ్చిన ఒక దీర్ఘకాల అధ్యయనం ఆధారంగా 2008లో బ్రాడ్లీ విల్‌కాక్స్ బృందం దీన్ని గుర్తించింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అనుకూల రూపాలే వచ్చినవారు చాలా పెద్ద వయసు దాకా బతికినవారిలో ఎక్కువగా కనిపించారు. తర్వాత జర్మనీలోనూ, చైనాలోనూ ఇదే కనిపించింది. దీని వెనక ఒక అందమైన చరిత్ర ఉంది. అమెరికా శాస్త్రవేత్త సింథియా కెన్యన్ 1993లో, కంటికి కనిపించీ కనిపించనంత చిన్న నులిపురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువును మారిస్తే దాని జీవితకాలం రెట్టింపు అయిందని, అలా కావడానికి డాఫ్-16 అనే ఇంకో జన్యువు పనిచేస్తూ ఉండాలని చూపించారు. మనుషులలో ఆ డాఫ్-16కు బంధువే ఫాక్సో. ఒంట్లో ఇన్సులిన్ సంకేతాలు తగ్గినప్పుడు కణం తనను తాను మరమ్మతు చేసుకునే పనిని ఇది నడిపిస్తుంది. తరగతి గదిలో పాఠం చెప్పిన రోజుల్లో విద్యార్థులు ఈ భాగం వింటూ నోట్సు రాయడం మరిచిపోయేవారు. అయితే ఫాక్సో-3 అనుకూల రూపం అరుదైనది కాదు. అది ఉండి కూడా అరవైలలో గుండెపోటుతో పోయినవారు కోకొల్లలు. అది ఉందని నివేదికలో ఆకుపచ్చ రంగు చూసి సిగరెట్టు మానని మనిషికి అది ఏ రక్షణా ఇవ్వదు.

ఇంత గట్టి ఆధారాలున్న జన్యువుల సంగతే ఇలా ఉంటే, ‘వందల జన్యు గుర్తులు కలిపి లెక్కించాం’ అని చెప్పే నివేదికల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పేరున్న పరిశోధకులే ఈ దారిలో ఒకసారి తడబడ్డారు. బోస్టన్ బృందం 2010లో ‘సైన్స్’ పత్రికలో, 150 జన్యు గుర్తులను (మనిషికీ మనిషికీ తేడా ఉండే డీఎన్ఏ చోట్లను) చూసి ఒక మనిషి నూరేళ్ళు బతికినవాడో కాదో 77 శాతం కచ్చితత్వంతో చెప్పవచ్చని ప్రకటించింది. ప్రపంచమంతా మారుమోగింది. అయితే వృద్ధుల నమూనాలను చదివిన పరికరాలకూ, ఇతరుల నమూనాలను చదివిన పరికరాలకూ తేడా ఉందని, ఆ తేడాయే కొన్ని చోట్ల జన్యువుల తేడాగా కనిపించిందని ఇతర శాస్త్రవేత్తలు ఎత్తి చూపారు. 2011లో ఆ వ్యాసాన్ని వారే వెనక్కి తీసుకుని, లోపాలు సరిచేసి 2012లో వేరే పత్రికలో ప్రచురించారు. అది వారి నిజాయితీ, వారిని నేను గౌరవిస్తాను. మొదటి వార్త పెద్ద అక్షరాలలో వేసిన పత్రికలలో ఎన్ని రెండో వార్తను అదే చోట వేశాయన్నదే నా బాధ.

మరో సంగతి మన నమ్మకాన్నే తలకిందులు చేస్తుంది. చాలాకాలం బతికినవారికి చెడు జన్యువులు తక్కువగా ఉంటాయని మనం అనుకుంటాం. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగర పరిశోధకులు తొంభై దాటిన తోబుట్టువులను, ఎనభై అయిదు దాటిన వృద్ధులను, వారికంటే చిన్నవారిని పోల్చి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, గుండెజబ్బు, క్యాన్సరు, మధుమేహాలకు సంబంధించిన ముప్పు గుర్తులు అందరిలోనూ దాదాపు సమానంగానే ఉన్నాయి. 110 ఏళ్ళు దాటిన 17 మంది జన్యుపటాలను, అంటే వారి డీఎన్ఏను, మొత్తంగా చదివి 2014లో అమెరికా పరిశోధకులు ప్రచురించినప్పుడు, వారందరి ఆయుష్షునూ వివరించగల జన్యువు ఒక్కటీ దొరకలేదు. పైగా వారిలో ఒకరికి ప్రాణాంతకమైన గుండెజబ్బుతో ముడిపడిన మార్పు ఉందని తేలింది. ఆ మార్పుతోనే ఆ మనిషి 110 దాటారు. నివేదికలోని ఎర్రరంగును చూసి నిద్ర పోగొట్టుకున్న మన పెద్దలకు ఈ ఒక్క ఉదాహరణ చెబితే చాలని నాకు అనిపిస్తుంది.

మన దక్షిణ భారతీయులకు నిజంగా సంబంధించిన జన్యు విషయాలు ఈ నివేదికలలో సరిగ్గా కనిపించకపోవడం నా రెండో ఫిర్యాదు. హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు, మధురై పరిశోధకులు కలిసి 2009లో, గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ-3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు లోపించిన రూపం భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందని, ముదిరిన వయసులో గుండె బలహీనపడటానికి అది దోహదం చేస్తుందని చూపించారు. పిల్లలు పుట్టి పెరిగిన తర్వాత ముప్పు బయటపడే మార్పు కనుక ప్రకృతి దాన్ని ఏరివేయలేదు. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1952లో చెప్పిన సూత్రం ఇదే: సంతానం కలిగిన తర్వాత కీడు చేసే మార్పులు తరతరాలుగా పోగుపడిపోతాయి. అయితే ఇక్కడ కూడా కథ అంత సూటిగా లేదు. ఈ లోపంతో పాటు అదే జన్యువులో ఇంకొక మార్పు కలిసి ఉన్నవారిలోనే ముప్పు ఎక్కువని 2018లో వచ్చిన పరిశోధన సూచించింది. అలాగే లైపోప్రొటీన్-ఎ అనే కొవ్వు పదార్థం రక్తంలో ఎంత ఉంటుందన్నది చాలావరకు పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది. దాన్ని మామూలు రక్తపరీక్షతో జీవితంలో ఒక్కసారి చూసుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఎక్కువ ఉంటే కొలెస్ట్రాల్, బీపీ, షుగరులను మరింత కట్టుదిట్టంగా ఉంచమని వైద్యులు చెబుతారు. చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారున్న కుటుంబాలకు వేల రూపాయల ఆయుష్షు ప్యాకేజీ కంటే ఈ ఒక్క పరీక్ష ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

జన్యు వైవిధ్యం వల్ల మనుషులకు అసలైన మేలు జరిగిన దారి వేరు. పీసీఎస్‌కే-9 అనే జన్యువును చూడండి. 2003లో కొన్ని ఫ్రెంచి కుటుంబాలలో ఈ జన్యువు అతిగా పనిచేయడం వల్ల కొలెస్ట్రాల్ పెరిగిపోతోందని తెలిసింది. 2006లో అమెరికాలోని డల్లాస్ పరిశోధకులు, పుట్టుకతోనే ఇది సరిగ్గా పనిచేయని నల్లజాతి ప్రజలలో చెడు కొలెస్ట్రాల్ 28 శాతం, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువగా ఉన్నాయని ప్రచురించారు. ఆ కొద్దిమంది రక్తంలో దొరికిన జ్ఞానంతో 2015 నాటికి ఈ జన్యువు తయారు చేయించే ప్రోటీనును అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. ఆ అదృష్టపు జన్యురూపం లేనివారికి కూడా ఇప్పుడు ఆ రక్షణ దొరుకుతోంది. ఒక్కొక్కరి భవిష్యత్తు చెప్పడం కోసం కాదు, ఇలాంటి మందుల కోసం జనసమూహాలను చదవాలి.

అలా చదవాలంటే మనవారు లెక్కలో ఉండాలి. ఇప్పటివరకు ప్రపంచంలో జరిగిన ఇలాంటి విస్తృత జన్యు అధ్యయనాలలో పాల్గొన్నవారిలో నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ మంది ఐరోపా సంతతివారు. వారి మీద తయారు చేసిన ముప్పు లెక్కలు దక్షిణాసియావారికి అంత బాగా సరిపోవని 2019 నాటికే స్పష్టంగా తేలింది. అపార్ట్‌మెంటు శిబిరంలో మనవారికి ఇచ్చిన ముల్లు బొమ్మ ఏ జనం మీద లెక్కించినదో అడిగితే ఆ సంస్థ ప్రతినిధి జవాబు చెప్పలేకపోయాడు.

ఈ లోటును పూడ్చే పని మన బెంగళూరులోనే జరుగుతోందని చాలామంది తెలుగువారికి తెలియదు. భారతీయ విజ్ఞాన సంస్థ ప్రాంగణంలోని మెదడు పరిశోధన కేంద్రం సమన్వయంతో, సీసీఎంబీతో సహా దాదాపు ఇరవై సంస్థలు కలిసి చేసిన జీనోమ్ ఇండియా పథకంలో, ఎనభైకి పైగా జనసమూహాలకు చెందిన సుమారు పది వేల మంది జన్యుపటాలను చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో ఫరీదాబాదులోని భారతీయ జీవ సమాచార కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అంతకంటే మనకు దగ్గరి సంగతి, బెంగళూరులోని ఆ మెదడు పరిశోధన కేంద్రమే కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా పల్లెలలో 45 ఏళ్ళు దాటినవారిని ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనం నడుపుతోంది. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్షలు, మెదడు స్కానింగు, జన్యు పరీక్షలు అన్నీ అందులో ఉన్నాయి. మామిడి తోటలకు పేరుపడిన ఆ తాలూకాలో ఎన్నో ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. బెంగళూరు నగరవాసుల మీద కూడా ఇలాంటి అధ్యయనం ఆ కేంద్రం ఆధ్వర్యంలోనే ఉంది. ఒకే మనిషిని ఏడాది తర్వాత ఏడాది చూస్తేనే ఏ జన్యురూపం ఉన్నవారు ఏ తిండి, ఏ చదువు, ఏ జబ్బుల మధ్య ఎలా ముసలివారవుతున్నారో తెలుస్తుంది. లాలాజలం ఒక్కసారి తీసుకుని వెళ్ళిపోయే సంస్థకు ఇది ఎప్పటికీ తెలియదు.

ఇందులో వయసు రుజువు ఒక పెద్ద చిక్కు. ఫ్రాన్సు దేశస్థురాలు జాన్ కాల్మాన్ 1875లో పుట్టి 1997లో 122 ఏళ్ళ వయసులో మరణించారని లోకం నమ్ముతున్నదంటే, ఆమె జనన నమోదు, జనాభా లెక్కల కాగితాలు వరుసగా దొరకడమే కారణం. మన దేశంలో జననాల నమోదును తప్పనిసరి చేసిన చట్టం 1969లో వచ్చింది. ఇప్పుడు ఎనభై, తొంభై దాటిన మన పెద్దలలో అనేకుల పుట్టిన తేదీ బడిలో చేర్చిన రోజున అయ్యవారు వేసినదో, ఆధార్ కార్డుకు అంచనాగా చెప్పినదో అయి ఉంటుంది. వయసే అయిదేళ్ళు అటూ ఇటూ అయితే, ఆ వయసుకూ జన్యువుకూ కలిపే లెక్క ఏమి నిలుస్తుంది? అయితే మన ఇళ్ళలో ఇంకో ఆధారం ఉంది. మా పెద్దత్తయ్య జాతకం కాగితం మడతల దగ్గర చిరిగిపోయినా, యువ నామ సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం ఇంకా చదవడానికి వస్తున్నాయి. యువ అంటే 1935-36. ఆ పేరు మళ్ళీ అరవై ఏళ్ళకు కాని రాదు కనుక ఏడాది తప్పిపోయే ప్రసక్తే లేదు; తిథి, నక్షత్రం కలిస్తే రోజు కూడా తేలుతుంది. ప్రభుత్వ రికార్డులో ఆవిడ వయసు వేరేగా ఉంది. పెట్టె అడుగున పడి ఉన్న ఇలాంటి జాతకాలను పారేయకుండా, అధ్యయనంలో చేరేటప్పుడు చూపించమని పాఠకులను కోరుతున్నాను.

రక్తం ఇవ్వమని చెబుతున్నప్పుడు దాని రక్షణ గురించి కూడా చెప్పాలి. డీఎన్ఏ నిర్మాణం కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యుపటాన్ని లోకానికి బయటపెడుతూ, అపోఈ ఫలితం ఒక్కటి మాత్రం తనకు కూడా చెప్పవద్దన్నారు. ఆయన నాయనమ్మ, అమ్మమ్మలలో ఒకరికి ఆ మతిమరుపు వ్యాధి ఉండేది. అంత పెద్ద శాస్త్రవేత్తకు ఉన్న ఆ హక్కు మా బ్లాకు ఆవిడకు లేదా? ‘ఈ ఫలితం మీకు కావాలా, వద్దా’ అని ఆవిడను ఎవరూ ముందుగా అడగలేదు. అమెరికాలో జన్యు సమాచారం ఆధారంగా ఆరోగ్య బీమాలో, ఉద్యోగంలో వివక్ష చూపరాదని 2008లోనే చట్టం చేశారు. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు ‘జన్యుపరమైన జబ్బులు’ అని విడదీసి పరిహారం ఎగవేయడం వివక్షేనని ఢిల్లీ హైకోర్టు 2018లో తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. కాని జన్యు వివక్షను నేరుగా నిషేధించే ప్రత్యేక చట్టం మనకు లేదు. తల్లి ఫలితం కొడుకు సమాచారం కూడా అవుతుంది కనుక, ఈ లోటు ముసలివారితో ఆగేది కాదు. 2025లో అమెరికాలో ఒక పెద్ద జన్యు పరీక్షల సంస్థ దివాలా దాఖలు చేసినప్పుడు, కోటిన్నర మంది సమాచారం ఎవరి చేతిలో పడుతుందోనన్న ఆందోళన చెలరేగింది. మన ఊళ్ళో శిబిరాలు పెట్టే చిన్న సంస్థలు మూతపడితే ఆ గొట్టాలు ఏమవుతాయో ఎవరైనా అడిగారా?

కాబట్టి నా అభ్యర్థన ఇది. కుటుంబంలో చిన్న వయసులో మతిమరుపు వ్యాధి, గుండెపోటు, ఒకే రకం క్యాన్సరు వరుసగా వచ్చినవారు జన్యు పరీక్ష చేయించుకోవలసిందే. అయితే దానికి జన్యు వైద్యుల దగ్గరకు, ముందూ వెనకా వివరించే కౌన్సెలర్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. ఎన్నేళ్ళు బతుకుతామో తెలుసుకోవడానికి మాత్రం డబ్బు ఇవ్వవద్దు. అపార్ట్‌మెంటు సంఘాలవారు ఇలాంటి శిబిరాలకు అనుమతి ఇచ్చే ముందు, ఫలితం వివరించే వైద్యులు ఎవరు, నమూనా ఎన్నాళ్ళు దాస్తారు, ఎవరికి ఇస్తారు అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. అంగీకార పత్రం ఇంగ్లీషులో మాత్రమే ఉంటే తెలుగు మాత్రమే చదవగలిగినవారి చేత సంతకం పెట్టించరాదు.

మీ పత్రిక ఆరోగ్య పేజీలో ‘ఫలానా జన్యువు ఉంటే నూరేళ్ళు’ అన్న వార్త వచ్చినప్పుడు, ఏ దేశంలో, ఎంత మందిని చూశారు, ముప్పు ఎంత నుంచి ఎంతకు మారింది అన్న మూడు వివరాలు తప్పక వేయమని కోరుతున్నాను. దానితో పాటు, శ్రీనివాసపురం, బెంగళూరు అధ్యయనాలలో ఎవరు చేరవచ్చు, ఎక్కడ అడగాలి, ఏ పరీక్షలు చేస్తారు, ఫలితాలు చేరినవారికి ఎలా చెబుతారు అన్న వివరాలను మెదడు పరిశోధన కేంద్రంవారి నుంచి తెలుసుకుని తెలుగులో ప్రచురిస్తే, ఈ నగరంలోనూ కోలారు పల్లెలలోనూ ఉన్న మీ పాఠకులు ఎందరో ముందుకు వస్తారు.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
మహదేవపుర, బెంగళూరు